వైజాగ్‌లో చేతితో చేసిన టేబుల్ టెన్నిస్ (టీటీ) బ్లేడ్: పిల్లలకి కొనొచ్చా?

నమస్కారం అండీ. ఈరోజు టేబుల్ మీదున్నది కంపెనీ పెట్టెలో వచ్చిన బ్లేడ్ కాదు. న్యూస్ పేపర్లో చుట్టి చేతికిచ్చారు. చేసినాయన మన విశాఖపట్నంవారే. కూతుర్ని కోచింగ్‌కి దింపి బయట బెంచీ మీద కూర్చునే నాన్న, కొన్నాళ్లకి తనే పిల్లలకి ఆట నేర్పే మాస్టారయ్యారు. ఇప్పుడు ఇంటి వెనక షెడ్డులో బ్లేడ్లు చేస్తున్నారు. పేరు చెప్పొద్దన్నారు, ఉన్న ఆర్డర్లకే టైం చాలట్లేదట. డబ్బులిచ్చే కొన్నాను, కాబట్టి మొహమాటం లేదు.

నాన్న కోచ్ అవడం మన ఆటలో కొత్తేం కాదు. మన దేశపు టీటీ స్టార్ ఆచంట శరత్ కమల్‌కి ఆట నేర్పింది కూడా వాళ్ల నాన్నగారే. చెక్క కొయ్యడం దాకా వెళ్లిన నాన్నని మాత్రం నేను ఈయన్నే చూశాను.

కొత్తవాళ్ల కోసం: బ్లేడ్ అంటే బ్యాట్‌కి ఇంకా రబ్బర్ వేయని వట్టి చెక్క. దాని మందంలో కనీసం 85 శాతం సహజమైన చెక్క ఉండాలి, చదునుగా, గట్టిగా ఉండాలి. సైజూ, ఆకారం, బరువూ మన ఇష్టం. రబ్బర్‌కైతే అంతర్జాతీయ సమాఖ్య జాబితాలో పేరుండాలి. బ్లేడ్‌కి ఆ జాబితా గొడవ లేదు. అందుకే ఇంట్లో చేసినదైనా, రూల్ ప్రకారం ఉంటే టోర్నమెంట్‌లో ఆడొచ్చు.

అంచు కెమెరాకి దగ్గరగా పెడుతున్నా, చూడండి. ఐదు పొరలు. నడిమిది అయూస్ అనే చెక్క, పైన లింబా అనే చెక్క. నడిమి పొర నార నిలువు, దాని పక్కవి అడ్డం, పైవి మళ్లీ నిలువు. ఇంత పల్చటి చెక్క వంకర పోకుండా నిలబడేది అందుకే. స్పీడ్ పెంచే కార్బన్ పొర లేదు.

అసలు పనితనం హ్యాండిల్‌లో ఉంది. మార్కెట్లో దొరికే హ్యాండిళ్లు ఎక్కువగా పెద్దవాళ్ల చేతికి తగ్గట్టే ఉంటాయి. పదేళ్ల పిల్ల పట్టుకుంటే వేళ్లు పూర్తిగా చుట్టుకోవు, మణికట్టు బిగుసుకుపోతుంది. తర్వాత మనమే, "బ్యాక్‌హ్యాండ్ సరిగా రావట్లేదేంటి" అని పిల్లని తిడతాం. ఈయన మా మేనకోడలి అరచేతిని కాగితం మీద గీయించుకుని మరీ హ్యాండిల్ సన్నగా తీశారు. చూపుడు వేలు ఆనే ఈ భుజం చూడండి, ఎంత గుండ్రంగా ఉందో! కొత్త బ్లేడ్ కొన్నాక ఇక్కడ గరుకు కాగితంతో రుద్దుకునే ఆటగాళ్లు చాలామందే ఉంటారు. హ్యాండిల్‌కి వాడింది అంకుడు కర్ర. అవునండీ, ఏటికొప్పాక బొమ్మల కర్రే.

వట్టి బ్లేడ్ 78 గ్రాములు. పల్చటి స్పాంజ్ రబ్బర్లు రెండూ వేశాక కూడా 160 దాటలేదు. పెద్దవాళ్ల బ్యాట్లు చాలావరకు 180 ప్రాంతంలో తూగుతాయి. పిల్లల భుజానికి ఆ తేడా చిన్నది కాదు.

ఆట సంగతికొస్తే, వచ్చే బంతికి బ్యాట్ అడ్డం పెట్టి బ్లాక్ చేసేటప్పుడు బంతి ఎక్కడ తగిలిందో చేతికి తెలుస్తోంది. బంతిని ముందుకు తిప్పుతూ నెమ్మదిగా లాగే టాప్‌స్పిన్ చక్కగా పడుతోంది. టేబుల్‌కి దూరంగా వెళ్లి కొడితే మాత్రం బంతి నెట్ దాటడానికి బద్ధకిస్తోంది. ప్లాస్టిక్ బంతి వచ్చాక అందరూ స్పీడ్ కోసం కార్బన్ వెంట పడ్డారు గానీ, స్ట్రోక్ ఇంకా కుదరని పిల్లలకి ఆ స్పీడ్ దేనికి?

ఇప్పుడు నచ్చనివి. రబ్బర్ మార్చుదామని పీకితే, అంచు దగ్గర గోరంత వెడల్పున చెక్క నార ఊడొచ్చింది. ఒక్క కోటే వార్నిష్ వేశారు. అడిగితే, "రెండో కోటు వేస్తే ఫీల్ చచ్చిపోతుందండీ" అన్నారు. నేను ఒప్పుకోను. సముద్రం పక్కన, ఈ ఉక్కపోతలో, చెమట చేతుల్లో ఉండే చెక్కకి ఒక్క కోటు చాలదు.

రెండోది ఇంకా ముఖ్యం. ఇది విరిగితే అచ్చం ఇలాంటిదే మళ్లీ వస్తుందా? రాదు. కంపెనీ బ్లేడ్లలోనూ బరువు కొంచెం అటూ ఇటూ ఉంటుంది, కానీ చేతిపనిలో తేడా అంతకంటే ఎక్కువ. సీరియస్‌గా టోర్నమెంట్లు తిరిగే పిల్లలుంటే, ఒకే చెక్క ముక్కల నుంచి రెండు ఒకేసారి చేయించండి. రెండూ తూకం వేసి, బంతితో తట్టి శబ్దం కలుస్తోందో లేదో చూసుకుని తీసుకోండి.

ధర మంచి విదేశీ చెక్క బ్లేడ్‌తో సమానం. చెయ్యి చిన్నదైతే, ఆట ఇంకా నేర్చుకునే దశలో ఉంటే పెట్టొచ్చు. స్పీడ్ కావాల్సిన పెద్దవాళ్లకి ఇది వద్దు. ఆర్డర్ ఇచ్చేటప్పుడు రెండో కోటు గట్టిగా అడగండి, అవసరమైతే కాస్త పోట్లాడండి.