బార్బడోస్ లోపలి పల్లెల్లో ఒక బస్సు యాత్ర

అందరికీ నమస్కారం. టొరంటో చలికి తట్టుకోలేక కరీబియన్ దీవి బార్బడోస్‌కు వచ్చేవారిలో చాలామంది పడమటి తీరంలోని ఇసుకను చూసి, అదే దీవి అనుకొని తిరిగి వెళ్ళిపోతారు. చూడవలసినదంతా తీరానికి వెనుక, చెరకు తోటల మధ్య ఉందని నా అభిప్రాయం. అందుకే మావయ్యగారినీ అత్తయ్యగారినీ వెంటబెట్టుకొని, స్థానిక గైడు వివరిస్తూ తీసుకువెళ్ళే చిన్న బస్సులో ఈ రోజు లోపలి పల్లెలు తిరుగుతున్నాము. దీవి పొడవు 34 కిలోమీటర్లు, వెడల్పు మహా అయితే 23. అయినా దారులు ఇరుకు కావడం వల్ల ప్రయాణం నెమ్మదిగా సాగుతుంది. బండ్లు మన దేశంలోలాగే ఎడమ వైపున నడుస్తాయి. బస్ స్టాపు బోర్డులపై ఊరి పేరుకు బదులు ‘నగరానికి’, ‘నగరం నుంచి బయటకు’ అని మాత్రమే ఉంటుంది. నగరమంటే రాజధాని బ్రిడ్జ్‌టౌన్ అని ఎవరూ విడిగా చెప్పనక్కరలేదు.

మొదటి మజిలీ గన్ హిల్. బానిసలుగా ఉన్న ఆఫ్రికన్లు 1816లో బుస్సా నాయకత్వంలో తిరగబడిన తరువాత, 1818లో బ్రిటిష్ వారు ఈ కొండపై సంకేత కేంద్రాన్ని కట్టారు. ఇక్కడ జెండా ఎగరేస్తే ఇంకో కొండపై ఉన్నవారికి కబురు అందేది. పైకి ఎక్కి చూస్తే తోటలు ఎంత దూరం కనిపిస్తాయో గమనించండి. వారి కాపలా సముద్రం మీద ఎంత ఉండేదో, తోటల్లో పనిచేసేవారి మీదా అంతే ఉండేదని అర్థమవుతుంది. కింద 1868లో సున్నపురాతిలో చెక్కిన తెల్లని సింహం ఉంది. బస్సులోని వారందరూ దాని ముందే ఫొటోలు దిగారు.

తూర్పు అంచున ఉన్న సెయింట్ జాన్ చర్చి 1831 తుపానులో కూలిపోగా 1836లో మళ్ళీ కట్టినది. దాని ఆవరణ నుంచి అట్లాంటిక్ తీరం కనిపిస్తుంది. ఆ కింద ఉన్న బాత్‌షీబాలో అలలు అడుగు భాగాన్ని కోసేసిన పెద్ద పెద్ద రాళ్ళు నీటిలో నిలబడి ఉన్నాయి. ఇక్కడ ఈత ప్రమాదకరం. సర్ఫింగ్ చేసేవారిని చూడటంతోనే మేము తృప్తి పడ్డాము.

నేను ఎక్కువసేపు నిలిచిపోయినది సెయింట్ ఆండ్రూ పారిష్‌ (జిల్లా లాంటి విభాగం)లోని మోర్గన్ లూయిస్ గాలిమర దగ్గర. 1947 వరకు ఇది చెరకు ఆడింది. రాతి బురుజు పైన చెక్క టోపీ, దాని నుంచి నేల దాకా వాలిన పొడవాటి దూలం కనిపిస్తున్నాయి కదా. ఆ దూలాన్ని పట్టి నెడితే టోపీతో పాటు రెక్కలు గాలికి ఎదురు తిరుగుతాయి. అనకాపల్లి పక్కన చెరకు పండించి బెల్లం వండిన మావయ్యగారు, “అమ్మా, నరికిన చెరకును ఎంతసేపట్లో ఆడేవారో అడుగు” అన్నారు. ఆలస్యమైతే రసం పులిసిపోతుంది కనుక ఒక రోజు లోపే ఆడేవారని, అందుకే తోటకొక మర అవసరమై ఇంత చిన్న దీవిలో వందల గాలిమరలు వెలిశాయని గైడు చెప్పారు. “మన గానుగ కూడా అందుకే పొలంలోనే ఉండేది” అని మావయ్యగారు తల ఊపారు. కరీబియన్ దీవులన్నింటిలోకీ బార్బడోస్ తూర్పున ఉండటం వల్ల, తూర్పు నుంచి వీచే వాణిజ్య పవనాలు ఈ మరలకు అడ్డు లేకుండా వచ్చి తగులుతాయి.

ఆ కాలపు మరల్లో కోతల రోజుల్లో రాత్రిళ్ళు కూడా పని సాగేది. రోలర్ల మధ్యకు చెరకు గడలను చేతులతోనే అందించాలి. నిద్రమత్తులో చెయ్యి ఇరుక్కుంటే మనిషి మొత్తం లోపలికి పోకుండా ఆ చేతిని నరకడానికి పక్కనే గొడ్డలి ఉంచేవారు. గైడు ఈ సంగతి చెప్పాక మావయ్యగారు ఇంకేమీ అడగలేదు. కానుకల దుకాణాల్లో ప్రతి కప్పు మీదా గాలిమర బొమ్మ ఉంటుంది; గొడ్డలి బొమ్మ మాత్రం ఎక్కడా ఉండదు.

చెర్రీ ట్రీ హిల్ మీద చెర్రీ చెట్లు లేవు, అన్నీ మహాగని చెట్లే. ఆ నీడలో కొంచెం ముందుకు వెళితే 17వ శతాబ్దంలో కట్టిన సెయింట్ నికోలస్ ఆబీ వస్తుంది. ఆబీ అంటే క్రైస్తవ మఠం, కానీ ఇది మఠం కాదు, తోట యజమాని భవనం. ఏడాది పొడవునా ఉక్కపోసే ఈ దీవిలో, ఇంగ్లండు ఇళ్ళలోలాగా చలిమంట పొయ్యిలు, పొగగొట్టాలు కూడా కట్టించుకున్నారు!

ఆ భవనం కంటే దారి పక్కన కనిపించే చిన్న చెక్క ఇళ్ళు నన్ను ఎక్కువ ఆకట్టుకున్నాయి. వీటిని ఛాటెల్ హౌస్‌లు అంటారు. 1838లో బానిసత్వం నుంచి పూర్తి విముక్తి లభించినా నేల తోట యజమానులదే కాబట్టి, పొమ్మన్న రోజున ఇంటినే విప్పి బండి మీద వేసుకొని పోయేందుకు వీలుగా పునాది లేకుండా రాళ్ళ మీద నిలబెట్టేవారు. అలాంటి ఒక ఇంటి కిటికీలకు రంగులు వేస్తున్న పెద్దాయన మా బస్సును చూసి చెయ్యి ఊపారు.

స్పైట్స్‌టౌన్ దాటాక పడమటి తీరపు హోటళ్ళు మళ్ళీ మొదలవుతాయి. మీరు కూడా వెళ్ళాలనుకుంటే బస్సులో కుడి, ఎడమ అని చూసుకోకుండా కిటికీ పక్కన సీటు దొరికితే చాలు; నీళ్ళు, టోపీ తప్పనిసరి. హారిసన్ గుహ ఈ యాత్రలో లేదు. రేపు విడిగా వెళ్ళి, లోపల ట్రామ్‌లో తిరిగి, ఆ వీడియోను వేరుగా పెడతాను.