ఒప్పందం వదిలేసినా వదలని బాధ్యత

విద్యార్థి మిత్రులకు, అధ్యాపకులకు నమస్కారం.

2025 జూలై 23న హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం వాతావరణ మార్పు మీద తన సలహా అభిప్రాయం, అంటే తీర్పులా కట్టిపడేయని న్యాయ సలహా, చెప్పింది. న్యాయమూర్తులందరిదీ ఒకే మాట. వాతావరణం విషయంలో దేశాల బాధ్యతలేమిటన్న ప్రశ్నను కోర్టు ముందుకు తీసుకెళ్లాలని 2019లో అనుకున్నది పసిఫిక్ దీవుల్లో లా చదువుతున్న విద్యార్థులు. మీ వయసు వాళ్లే. అక్కడి వనువాటు అనే చిన్న ద్వీప దేశపు ప్రభుత్వం వాళ్ల మాట విని నడుం కట్టింది. 2023 మార్చిలో ఐక్యరాజ్యసమితి జనరల్ అసెంబ్లీ ఆ ప్రశ్నను హేగ్‌కు పంపింది.

ఆ అభిప్రాయంలో చాలా విషయాలున్నాయి. నేను ఒక్కదాని గురించే మాట్లాడతాను, ఎందుకంటే అంతర్జాతీయ న్యాయ పండితులు దాని మీద ఇంకా గట్టిగా వాదించుకుంటున్నారు. దేశాల బాధ్యత పారిస్ ఒప్పందం లాంటి వాతావరణ ఒప్పందాలతోనే ఆగిపోతుందా? వాటి బయట కూడా ఏమైనా ఉందా?

ఒప్పందాలే చాలు అన్నవాళ్లలో అమెరికా ఉంది, సౌదీ అరేబియా ఉంది. మన దేశమూ ఇంచుమించు అటువైపే నిలిచింది. ఉన్న ఒప్పందాలను మించి కొత్త బాధ్యతలు సృష్టించవద్దని 2024 డిసెంబరు విచారణలో మన ప్రతినిధులు కోరారు. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. వాతావరణాన్ని ఎక్కువగా పాడుచేసింది ధనిక దేశాలు. ఒప్పందాల్లో ఆ తేడా రాసి ఉంది. బయటి సూత్రాల్లోకి వెళ్తే అందరినీ ఒకే గాట కడతారేమోనని మన వాళ్ల టెన్షన్.

కోర్టు ఈ వాదనను ఒప్పుకోలేదు. పక్కవాడికి తీవ్రమైన హాని జరగకుండా ప్రతి దేశమూ తగిన జాగ్రత్త తీసుకోవాలన్నది కస్టమరీ లాలో, అంటే ఒప్పందాల్లో రాయకపోయినా దేశాలు కట్టుబడే ఆచార న్యాయంలో, ఎప్పటినుంచో ఉందని, అది ఒప్పందాలతో పాటు నడుస్తుందని చెప్పింది. ఈ సూత్రం చరిత్ర మీకు తప్పక తెలియాలి. కెనడాలో ట్రైల్ అనే ఊళ్లో లోహం కరిగించే ఫ్యాక్టరీ ఉండేది. దాని పొగ సరిహద్దు దాటి అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రపు పొలాలను, అడవిని పాడుచేసింది. తన నేల మీద నుంచి వెళ్లే పొగతో పొరుగు దేశానికి తీవ్ర నష్టం చేసే హక్కు ఏ దేశానికీ లేదని మధ్యవర్తిత్వ ట్రిబ్యునల్ 1941లో తేల్చింది.

అక్కడి నుంచి 2001కి రండి. ప్రమాదకరమైన పనుల వల్ల సరిహద్దు దాటే హానిని ముందే ఆపడం గురించి అంతర్జాతీయ న్యాయ సూత్రాలను రాసిపెట్టే ఐక్యరాజ్యసమితి సంస్థ అంతర్జాతీయ న్యాయ కమిషన్ 19 ముసాయిదా అధికరణలను ఆమోదించింది. ఆ పనికి ప్రత్యేక నివేదకుడు, అంటే నివేదికలు రాసి ముసాయిదాను నడిపించినవారు, పెమ్మరాజు శ్రీనివాసరావు గారు, మన తెలుగువారు. ఇది మన క్లాసుల్లో ఎందుకు చెప్పరో నాకు నిజంగా బాధగా ఉంటుంది. పరాయివాళ్లు మన మీద రుద్దుతున్న సూత్రం అనుకుంటాం కానీ దాన్ని దిద్దిన చేతుల్లో మన చేయీ ఉంది.

ఇప్పుడు నా అభిప్రాయం చెబుతాను. 2025 జనవరిలో అమెరికా పారిస్ ఒప్పందం నుంచి వైదొలగుతున్నట్టు ప్రకటించింది. బాధ్యతలన్నీ ఒప్పందంలోనే ఉన్నాయనుకుందాం. బయటికి నడిచిన దేశాన్ని ఇక ఏ కాగితం పట్టుకుని అడుగుతాం? చరిత్రలో అందరికంటే ఎక్కువ కర్బన ఉద్గారాలు వదిలిన దేశం అది. దాన్ని అప్పుడు కూడా పట్టి ఉంచేది ఈ పాత సూత్రమే. కాబట్టి మన ప్రభుత్వ వాదన మన ప్రయోజనానికే అడ్డం వస్తుందని నా నమ్మకం. పైగా జాగ్రత్త స్థాయి దేశం శక్తిని బట్టి మారుతుందని కోర్టు స్పష్టంగానే చెప్పింది. అయితే అభివృద్ధి చెందిన, చెందుతున్న దేశాలన్న విభజన ఎల్లకాలం ఒకేలా ఉండదని కూడా అంది. మన దేశం రేపు ఎక్కడ నిలబడుతుందన్న ప్రశ్న అక్కడ ఉంది, దాన్ని దాటవేయలేం. బొగ్గు, చమురు తవ్వకాలకు అనుమతులు, సబ్సిడీలు ఇవ్వడం కూడా తప్పిదం కావచ్చని ఆ అభిప్రాయంలోనే ఉంది. ఆ కోర్టులోని మన దేశ న్యాయమూర్తి దల్వీర్ భండారీ మరో న్యాయమూర్తితో కలిసి శిలాజ ఇంధనాల మీద విడిగా ఒక ప్రకటన కూడా జోడించారు.

విమర్శకుల మాటలోనూ బలముంది. "తగిన జాగ్రత్త" అంటే ఎంత? ట్రైల్‌లో ఫ్యాక్టరీ ఒకటే, పొగ ఎవరిదో తెలుసు. ఇక్కడ ప్రపంచ దేశాలన్నిటి పొగ కలిసిపోయింది. ఎవరి వల్ల ఎంత నష్టమో తేల్చడం అసాధ్యం కాదని, కేసును బట్టి చూడాలని కోర్టు వదిలేసింది. పరిహారం అడిగే మొదటి కేసు ఇక్కడే చిక్కుకుంటుంది. అందుకే 2001 అధికరణలను, వాటి వ్యాఖ్యను ఈ అభిప్రాయం పక్కన పెట్టుకుని చదవండి. ప్రశ్నలుంటే ఇప్పుడే అడగండి.