టవర్లు ఆగిపోయాక పనికొచ్చే రేడియో ఏది? మైక్రోబిటెక్స్‌కు ఒక కఠిన పరీక్ష

నమస్కారం. నా ముందు బల్ల మీదున్న ఈ చిన్న పెట్టె పేరు మైక్రోబిటెక్స్. 3 నుంచి 30 మెగాహెర్ట్జ్ వరకు, అంటే షార్ట్‌వేవ్ అంతటా వినగలిగి, హామ్ బ్యాండ్లలో, అంటే లైసెన్సున్న అభిరుచి రేడియోవాళ్లకు కేటాయించిన తరంగాల మీద, మాట్లాడటానికీ చుక్కలూ గీతల మోర్స్ కొట్టడానికీ వీలున్న ట్రాన్సీవర్ ఇది, అంటే వినడం, పంపడం రెండూ చేసే రేడియో. దీని మీద ఇప్పటికే ఎన్నో రివ్యూలు వచ్చాయి కనుక డిస్‌ప్లే ఎలా ఉంది, నాబ్ ఎంత మెత్తగా తిరుగుతుంది అన్న సంగతుల జోలికి నేను వెళ్లను. కరెంటు, సెల్ టవర్లు, ఇంటర్నెట్, దుకాణాలు అన్నీ పోయి రెండేళ్లు గడిచాయనుకుందాం. అప్పుడు హైదరాబాదులో ఉన్న మనిషి గుంటూరులో ఉన్న తమ్ముడికి "అందరం క్షేమం, షుగరు మందులు అయిపోయాయి" అన్న నాలుగు మాటలు చేర్చడానికి ఈ పెట్టె పనికొస్తుందా లేదా అన్నదే ఈరోజు నేను చూడబోయేది.

ఇది మరీ ఊహాలోకపు ప్రశ్న కాదని మన తీరంలో ఉన్నవారికి వేరే చెప్పనక్కరలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటాక విశాఖలో చేతిలో ఫోనుండీ మాట్లాడే దారి లేక అల్లాడినవారు ఎందరో. సెల్ టవరు తనంతట తాను నిలబడేది కాదు. దానికి గ్రిడ్ కరెంటు కావాలి, అది పోతే బ్యాటరీలు, అవి దిగిపోతే డీజిల్, ఆ డీజిల్ తెచ్చే లారీకి రోడ్డు కావాలి. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చిన రోజున హామ్ రేడియో బృందం ఒకటి అదృష్టవశాత్తూ ముందే అండమాన్‌లో ఉంది. ఆ బృందంలోని భారతీ ప్రసాద్ పోర్ట్‌బ్లెయిర్ నుంచి షార్ట్‌వేవ్ మీద సముద్రం దాటించిన క్షేమ సమాచారాలు అప్పట్లో దేశమంతా మాట్లాడుకున్న విషయం. అక్కడి నుంచి ప్రధాన భూభాగానికి వెయ్యి కిలోమీటర్ల పైమాటే, మధ్యలో ఏ టవరూ లేదు.

చాలామంది ఆన్‌లైన్‌లో చవకగా దొరికే 5 వాట్ల వాకీటాకీ కొని, ఆపత్కాలానికి సిద్ధమయ్యామనుకుంటారు. దాని తరంగం దాదాపు చూపు సాగినంత దూరమే పోతుంది. ఊళ్లో ఇళ్ల మధ్య అది నాలుగైదు కిలోమీటర్లకు మించడం కష్టం. గుట్ట మీద రిపీటరు, అంటే విన్న సంకేతాన్ని పెంచి తిరిగి పంపే స్టేషను, ఉంటే దూరం పెరుగుతుంది గానీ, ఆ రిపీటరుకూ కరెంటు కావాలి కదా. షార్ట్‌వేవ్ సంగతి వేరు. భూమికి రెండు మూడు వందల కిలోమీటర్ల ఎత్తున, సూర్యరశ్మికి విద్యుదావేశం పొందిన ఐనోస్ఫియర్ పొర ఆ తరంగాన్ని వంచి తిరిగి నేల మీదికి పంపుతుంది. ఈ రిపీటరుకు డీజిల్ పోయనక్కరలేదు, దాన్ని ఎవరూ స్విచాఫ్ చేయలేరు. అలాగని అది ఎప్పుడూ నమ్మకస్తురాలేమీ కాదు. 2024 మే 10, 11 తేదీల్లో పెద్ద సౌర తుఫాను వచ్చినప్పుడు షార్ట్‌వేవ్ సంభాషణలు చాలాచోట్ల దెబ్బతిన్నాయి. అయితే అలాంటి అలజడి గంటల్లోనో, కొద్ది రోజుల్లోనో సర్దుకుంటుంది.

ఇక పెట్టె దగ్గరికి వద్దాం. దీన్ని రూపొందించినవారు మన హైదరాబాదు వాసి అష్హర్ ఫర్హాన్, కాల్ సైన్, అంటే గాలిలో ఆయన గుర్తింపు పేరు, వీయూ2ఈఎస్ఈ. 2017 చివర్లో ఇది బయటికొచ్చినప్పుడు ప్రపంచం నలుమూలల హామ్‌లు దీన్ని తెప్పించుకున్నారు. పూర్తి సర్క్యూటును ఆయన అందరికీ తెరిచిపెట్టారు. నా పరీక్షలో సగం మార్కులు ఆ ఒక్కదానికే. ఖరీదైన జపాన్ రిగ్ (రేడియో సెట్టు) ఎంత గొప్పదైనా, లోపల ఏ గీత ఎటు పోతుందో తెలియకపోతే, అది చెడిన రోజున బల్ల మీది బరువు తప్ప మరేమీ కాదు. దీని సర్క్యూటును మాత్రం నేను కాగితం మీద అచ్చు వేయించి, లామినేట్ చేయించి, మూత లోపల అంటించాను.

కెమెరా దగ్గరగా పెడుతున్నాను, చూడండి. వెనక వైపు హీట్‌సింక్‌లకు బిగించి ఉన్న ఈ రెండు నల్లటివి ఐఆర్ఎఫ్ 510 ట్రాన్సిస్టర్లు, గాలిలోకి పోయే శక్తినంతా ఇచ్చేవి ఇవే. దీనిలో యాంటెన్నా సరిపోకపోతే తనంతట తాను ఆగే రక్షణ లేదు, కనుక ముందుగా బలయ్యేవి కూడా ఇవే. నేనే ఒకసారి యాంటెన్నాకు పోయే కోక్స్ కేబుల్ సరిగ్గా బిగించకుండా మైకు నొక్కి ఒకదాన్ని కాల్చాను. కాలిన వాసన ముందొచ్చింది, జ్ఞానం తర్వాతొచ్చింది. మామూలు సాల్డరింగ్ ఐరన్‌తో అరగంటలో కొత్తది వేసుకున్నాను. చిన్న సంకేతాలను పెంచే పనికి వాడినవి 2ఎన్ 3904 ట్రాన్సిస్టర్లు, పాత చార్జర్లూ రేడియోలూ విప్పితే వాటికి సరిపడేవి దొరుకుతాయి. నన్ను భయపెట్టేది ఇదిగో, ఈ ఎస్ఐ 5351 అనే చిప్పు. రేడియోకు కావలసిన మూడు ఆసిలేటర్లూ, అంటే ఏ ఫ్రీక్వెన్సీ మీద పనిచేయాలో నిర్ణయించే సంకేతాలూ, దీనిలోంచే వస్తాయి. గోరు మీద నిలబడేంత చిన్నది, పది కాళ్లు వెంట్రుకల్లా ఉంటాయి. ఇది పోతే రేడియో చెవిటిదీ మూగదీ అవుతుంది. అందుకే ఇది అమర్చి, ప్రోగ్రామ్ ఎక్కించి ఉన్న చిన్న బోర్డు ఇంకొకటి నా దగ్గర విడిగా పెట్టుకున్నాను.

శక్తి 40 మీటర్ల బ్యాండులో, అంటే తరంగం పొడవు 40 మీటర్లుండే 7 మెగాహెర్ట్జ్ దగ్గర, సుమారు 10 వాట్లు, పై బ్యాండ్లకు పోయేకొద్దీ ఇంకా తగ్గుతుంది. 100 వాట్ల రిగ్ ముందు ఇదెంత అని పెదవి విరిచేవారికి ఒక లెక్క చెబుతాను. పది రెట్ల శక్తి అంటే 10 డెసిబెల్స్, అవతలివారి మీటరు మీద సంకేత బలాన్ని చూపే ఎస్ పాయింట్లలో అది రెండు కూడా కాదు. కానీ ఆ 100 వాట్లకు రిగ్ 20 ఆంపియర్ల వరకు పీలుస్తుంది, ఇదైతే మాట్లాడేటప్పుడు 2 ఆంపియర్ల చుట్టుపక్కల, ఊరికే వింటున్నప్పుడు అందులో పదో వంతు కూడా తీసుకోదు. నేను వాడేది 12 వోల్టుల, 7 ఆంపియర్ అవర్ బ్యాటరీ. రోజుకు ఐదు గంటలు విని, అరగంట మాట్లాడినా 2 ఆంపియర్ అవర్లకు మించదు. ఎండ బాగా కాసిన రోజున 40 వాట్ల సోలార్ పలక అంతకు నాలుగింతలు నింపుతుంది. మబ్బు పట్టిన వానాకాలపు వారానికి కూడా బ్యాటరీ చావకుండా నిలబడింది, మాటలు పొదుపు చేసుకుంటే.

అసలు పని చేసేది తీగ. 7.1 మెగాహెర్ట్జ్‌కు సగం తరంగపు డైపోల్, అంటే మధ్యలో కేబుల్ కలిపే రెండు చేతుల తీగ యాంటెన్నా, కట్టాలంటే మొత్తం 20 మీటర్ల తీగ, మధ్యలో తెంపి అటు 10, ఇటు 10. ఇంటి వైరింగుకు వాడే మామూలు రాగి తీగ చాలు. ఎత్తు విషయంలో మాత్రం కొత్తవారు పొరబడతారు. ఎంత ఎత్తున కడితే అంత మంచిదనుకుని తాటిచెట్టు ఎక్కించే ప్రయత్నం చేస్తారు. దూరదేశాలకైతే అది నిజమే. మనకు కావలసింది పక్క జిల్లా. తీగను 4 మీటర్ల ఎత్తులోనే, రెండు వెదురు బొంగుల మధ్య కడితే తరంగం దాదాపు నిట్టనిలువుగా పైకి పోయి, గొడుగు విప్పినట్టు చుట్టూ మూడు నాలుగు వందల కిలోమీటర్ల మేర దిగుతుంది. మధ్యలో కొండలున్నా అడ్డం రావు.

గుంటూరులో ఉన్న మిత్రుడు, ఆయనా లైసెన్సున్న హామే, ఈ వీడియో కోసం నాలుగు రోజులు నాతో పరీక్షకు కూర్చున్నారు. గీత గీసినట్టు కొలిస్తే మా మధ్య దూరం సుమారు 240 కిలోమీటర్లు. ఉదయం పదకొండుకు 40 మీటర్ల మీద మాట స్పష్టంగా వచ్చింది. చీకటి పడ్డాక ఆయన గొంతు సన్నగిల్లుతూ వచ్చి, రాత్రి పది దాటాక పూర్తిగా మాయమైంది. అదే సమయంలో ఎక్కడో దూరపు స్టేషన్లు మాత్రం గట్టిగా వినిపిస్తున్నాయి. సూర్యుడు పోయాక పై పొర పలచబడి, నిట్టనిలువుగా వచ్చిన తరంగాన్ని వంచలేక వదిలేస్తుంది, ఏటవాలుగా వచ్చినదాన్ని మాత్రం పట్టుకుంటుంది. దానికి మందు 80 మీటర్ల బ్యాండుకు దిగడం, అంటే 40 మీటర్ల తీగ. మా డాబా మీద అది పట్టదు, పల్లెటూరి దొడ్లో అయితే హాయిగా పడుతుంది.

మోర్స్ గురించి ఒక మాట. మూడో రోజున ఉరుముల గరగరలో ఆయన మాట ముక్కలుముక్కలై, ఏమంటున్నారో నాకు అందలేదు. ఇద్దరం కీ, అంటే మోర్స్ కొట్టే మీట, అందుకున్నాం. నిమిషానికి ఎనిమిది పదాల నత్తనడకే అయినా ప్రతి అక్షరం అందింది. ఈ రేడియోలో మోర్స్‌కు విడిగా ఇరుకైన ఫిల్టరు లేదు, చెవే ఫిల్టరు. గట్టి స్టేషను వచ్చినప్పుడు శబ్దాన్ని తగ్గించే ఏజీసీ కూడా దీని మూల సర్క్యూటులో లేదు కనుక, హెడ్‌ఫోన్ పెట్టుకున్నవారు ఒక చేయి వాల్యూమ్ మీదే ఉంచాలి. ఎఫ్‌టీ8 లాంటి డిజిటల్ పద్ధతులు ఇంకా బలహీనమైన సంకేతంతోనూ నడుస్తాయి, కాకపోతే వాటికి కంప్యూటరూ, సెకనుకు అటూ ఇటూ కాకుండా కలిసిన గడియారాలూ కావాలి.

లైసెన్సు ఇప్పుడే తీసుకోండి. మన దేశంలో రెస్ట్రిక్టెడ్ గ్రేడు పరీక్షకు మోర్స్ అవసరం లేదు, పన్నెండేళ్లు నిండినవారు ఎవరైనా రాయవచ్చు. లైసెన్సు లేకుండా వినవచ్చేమో గానీ ప్రసారం నేరం. పైగా ఆపద వచ్చిన రోజున మొదటిసారి మైకు పట్టుకునేవాడికి ఏ గంటకు ఏ బ్యాండు తెరుచుకుంటుందో ఎవరు చెబుతారు?

నా తీర్పు ఇదీ. ఒకే రేడియో ఉంచుకోమంటే ఇదే ఉంచుకుంటాను, కాకపోతే అదనంగా ఆరు ఐఆర్ఎఫ్ 510లు, ఆ చిన్న బోర్డు ఒకటి, ఒక కీ తోడు పెట్టి. టంకం చేతకాని వారికి మాత్రం దీన్ని సిఫార్సు చేయను. వీటన్నిటినీ ఒక పాత రేకు ట్రంకు పెట్టెలో ఉంచాను. మూత లోపల సర్క్యూటు పక్కనే ఇంకో కాగితం అంటించి ఉంది, చదువుతాను: "ఉదయం 11, సాయంత్రం 5. 7 మెగాహెర్ట్జ్ బ్యాండు. ముందు పది నిమిషాలు వినాలి, తర్వాతే పిలవాలి. జవాబు రాకపోతే మర్నాడు అదే వేళకు." దీని నకలు గుంటూరులో ఉంది.