తల వచ్చాక భుజం ఆగితే
(చెన్నైలో లేబర్ రూమ్ సిస్టర్ల శిక్షణలో ఒక ప్రసూతి వైద్యురాలి ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఈ గదిలో నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి వచ్చినవాళ్లే ఎక్కువ, కాబట్టి తెలుగులోనే మాట్లాడతాను.

తల బయటికొచ్చింది, హమ్మయ్య అనుకున్నాం. భుజాలు మాత్రం రావడం లేదు. వచ్చిన తల కూడా వెనక్కి లాక్కున్నట్టయి, బుగ్గలు తల్లికి అతుక్కుపోయాయి. ముందు భుజం తల్లి కటి ఎముక వెనక ఇరుక్కుందన్నమాట. అప్పుడు మన లేబర్ రూముల్లో ఏం జరుగుతుందో మీకు తెలుసు. ఒకరు తల పట్టి లాగుతారు, ఒకరు స్టూలెక్కి పై నుంచి పొట్ట నొక్కుతారు, ఇంకొకరు "ముక్కమ్మా, ముక్కు" అని అరుస్తారు. ఈ మూడూ వద్దని చెప్పడానికే వచ్చాను. పై నుంచి నొక్కితే భుజం ఆ ఎముకకే ఇంకా బిగుసుకుంటుంది, గర్భసంచి చిట్లే ప్రమాదమూ ఉంది. మెడ వంచి లాగితే చేతికి వెళ్లే నరాలు దెబ్బతింటాయి.

"భుజం ఇరుక్కుంది" అని గట్టిగా చెప్పండి. పెద్ద డాక్టరు ఏమంటారోనని నసగొద్దు. టైమ్ చూసి రాయడానికి ఒకరిని పెట్టండి, ఎందుకంటే ఐదు నిమిషాలు దాటేకొద్దీ బిడ్డ మెదడుకు ముప్పు పెరుగుతుంది. మంచం బల్లపరుపుగా దించి, చెరో కాలూ పట్టుకుని మోకాళ్లు పొట్టకి ఆనేలా మడవండి. మెక్‌రాబర్ట్స్ పద్ధతి అంటే ఇదే. మందు అక్కర్లేదు, పరికరం అక్కర్లేదు, చాలా కేసులు ఇక్కడే తేలిపోతాయి. దాంతోపాటే ఒకరు కటి ఎముకకి కాస్త పైన, బిడ్డ వీపు వైపు నుంచి అరచేత్తో నొక్కాలి. వీపు ఎటుందో ముందే చూసుకోకపోతే అప్పుడు వెతుక్కోవాలి.

అప్పటికీ రాకపోతే డాక్టరు చేయి లోపలికి పెట్టి బిడ్డ వెనక చేతిని ముందుగా తీస్తారు, లేదా భుజాలు తిప్పుతారు. యోని ద్వారం దగ్గర కోత పెట్టినంత మాత్రాన భుజం వదలదు, అడ్డం ఎముకది కదా. చేతికి చోటు కోసమే ఆ కోత. తల్లిని మోకాళ్లు, చేతుల మీదికి తిప్పడమూ పనిచేస్తుంది. గ్వాటెమాలా మంత్రసానుల ఒడుపు అది, పేరు మాత్రం అమెరికా మంత్రసాని గాస్కిన్‌కి దక్కింది!

షుగర్ ఉన్న తల్లికి, బిడ్డ పెద్దదైతే ఈ భయం ఎక్కువ. మన చెన్నై డాక్టర్ వి. శేషయ్య గారు ప్రచారంలోకి తెచ్చిన పరీక్షకు ఖాళీ కడుపు కూడా అవసరం లేదు: 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి, 2 గంటలకు రక్తంలో గ్లూకోజ్ 140 గానీ ఆపైన గానీ ఉంటే షుగరే. అయితే బిడ్డ 4 కిలోల లోపే కదా అని ధీమా పడొద్దు, దాదాపు సగం కేసులు అలాంటివే.

కాన్పయ్యాక తల్లికి రక్తస్రావం, చిరుగులు చూడండి. బిడ్డ రెండు చేతులూ ఆడిస్తోందా, ఏ భుజం ముందుంది, అన్నీ రాయండి.

ఆ బల్ల మీద బొమ్మ ఉంది. నలుగురు ముందుకు రండి. కాళ్లకి ఇద్దరు, నొక్కడానికి ఒకరు, టైమ్ రాయడానికి ఒకరు.