డిలీట్ కొట్టాక మనకెంత టైముంది? గూగుల్, వన్‌డ్రైవ్, డ్రాప్‌బాక్స్ రివ్యూ

నమస్తే అండీ, తిరుపతి నుంచి మాట్లాడుతున్నాను. ఈ వీడియోలో మనం రివ్యూ చేసేది ఒకే ఒక్క బటన్‌ని. డిలీట్ బటన్. గూగుల్ ఫోటోస్, గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్, డ్రాప్‌బాక్స్, వీటిలో పొరపాటున ఏదైనా పోతే తిరిగొస్తుందా, ఎన్ని రోజుల్లోపు వస్తుంది, అసలు పోకుండా ముందే ఆపే ఏర్పాటు ఏమైనా ఉందా అన్నది చూద్దాం. క్లౌడ్ తీసుకునేటప్పుడు ఎన్ని జీబీలు ఇస్తారు, రేటెంత అనే అడుగుతాం. డిలీట్ సంగతి ఫైలు పోయిన రోజే గుర్తొస్తుంది.

ముందే ఒక మాట చెప్పేస్తాను. "నిజంగా డిలీట్ చేయాలా?" అని అడిగే చిన్న బాక్సుకి నేను మార్కులు వేయను. పొరపాటు చేసే మనిషికి ఆ క్షణంలో తాను చేస్తున్నది కరెక్టనే అనిపిస్తుంది. అందుకే ఆ బాక్సు చూసినా "అవును" అనే నొక్కుతారు. మనల్ని కాపాడేది ఆ ప్రశ్న కాదు. వెనక్కి తెచ్చుకోవడానికి ఇచ్చే గడువు, డిలీట్ చేసే హక్కు ఎవరెవరికి ఉంది అన్న కంట్రోలు, ఈ రెండే. వీటినే చూస్తాను.

గూగుల్ ఫోటోస్‌తో మొదలుపెడదాం, ఎందుకంటే మన ప్రాంతంలో ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతుందని నా నమ్మకం. చిత్తూరు, పలమనేరు వైపు చాలా ఇళ్ళల్లో పిల్లలు బెంగళూరులోనో చెన్నైలోనో ఉంటారు. నాన్నకు కొత్త ఫోన్ కొనిచ్చి, తొందరలో తమ జీమెయిల్‌తోనే లాగిన్ చేసి వెళ్ళిపోతారు. అంటే రెండు ఫోన్లు, ఒకే అకౌంట్. కొన్నాళ్ళకు నాన్న ఫోన్‌లో స్టోరేజ్ ఫుల్ అని వస్తుంది. ఆయన ఫోటోస్ తెరుస్తారు, మనవడి ఫోటోలు వందలకొద్దీ కనిపిస్తాయి. "ఇవి ఎట్లాగూ వాళ్ళ దగ్గర ఉంటాయి కదా" అనుకుని సెలెక్ట్ చేసి చెత్తబుట్ట గుర్తు నొక్కుతారు. అంతే. బెంగళూరులో కొడుకు ఫోన్‌లోంచి, క్లౌడ్‌లోంచి, అన్నిచోట్ల నుంచీ ఒకేసారి బిన్‌లోకి, అంటే డిలీట్ చేసినవి కొన్నాళ్ళు ఉండే చెత్తబుట్టలోకి, పోతాయి. ఇందులో ఆయన తప్పేమీ లేదు. ఆ బటన్ తన ఫోన్‌కి మాత్రమే అనుకోవడం ఎవరైనా చేసే పనే.

ఆయన నొక్కాల్సింది "ఫ్రీ అప్ స్పేస్". ఇది క్లౌడ్‌లోకి బ్యాకప్ అయిపోయిన ఫోటోలను ఫోన్‌లోంచి మాత్రమే తీస్తుంది, క్లౌడ్ కాపీ అలాగే ఉంటుంది. ఒక్కో ఫోటోకైతే "డిలీట్ ఫ్రమ్ డివైస్" అని వేరే ఆప్షన్ ఉంది. కానీ చెత్తబుట్ట గుర్తేమో కంటి ముందే ఉంటుంది, ఈ ఆప్షనేమో మెనూ లోపల ఉంటుంది. ప్రమాదం ఉన్నది ముందూ, లేనిది వెనకా పెట్టడం నాకు అస్సలు నచ్చలేదు. "ఈ ఫోటోలు ఈ అకౌంట్ ఉన్న ప్రతి ఫోన్‌లోంచీ పోతాయి" అని పెద్దక్షరాల్లో, తెలుగులో, ఎన్ని ఫోన్లో అంకెతో సహా చూపిస్తే చాలా ఇళ్ళు బతికిపోతాయి.

గడువు విషయంలో మాత్రం గూగుల్ ఫోటోస్ మంచిదే. బ్యాకప్ అయిన ఫోటో బిన్‌లో 60 రోజులు ఉంటుంది. బ్యాకప్ కానిదైతే 30 రోజులే. ఇంకో విషయం, చాలామంది భయపడుతుంటారు కాబట్టి చెబుతున్నా: ఆల్బమ్ డిలీట్ చేస్తే అందులోని ఫోటోలు పోవు. ఆల్బమ్ మాత్రమే పోతుంది.

ఇప్పుడు గూగుల్ డ్రైవ్. ఒకప్పుడు దీని బిన్‌లో పడ్డ ఫైలు మనం ఖాళీ చేసేదాకా అలాగే ఉండేది. 2020 అక్టోబర్ 13 నుంచి పద్ధతి మారింది, 30 రోజులు దాటితే దానంతట అదే శాశ్వతంగా పోతుంది. ఆఫీసు లేదా కాలేజీ ఇచ్చే గూగుల్ వర్క్‌స్పేస్ అకౌంట్ అయితే, బిన్ ఖాళీ అయ్యాక కూడా ఇంకో 25 రోజుల వరకు అడ్మిన్, అంటే అక్కడ అకౌంట్లన్నీ చూసుకునే మనిషి, వెనక్కి తేగలరు. మామూలు జీమెయిల్‌కి ఆ అడ్మిన్ ఎవరూ ఉండరు.

అసలు తంటా ఇంకోటి. డ్రైవ్ బిన్‌లో ఉన్న ఫైళ్ళు కూడా మీ 15 జీబీలో లెక్కకొస్తాయి. జీమెయిల్, డ్రైవ్, ఫోటోస్ అన్నిటికీ కలిపి ఆ 15 జీబీ. అది నిండితే మెయిళ్ళు రావడం ఆగిపోతుంది, టెన్షన్ మొదలవుతుంది, మనం ఏం చేస్తాం? పోయి బిన్ ఖాళీ చేస్తాం. అంటే 30 రోజుల రక్షణ ఇచ్చిన కంపెనీయే, దాన్ని మన చేత్తో మనమే తీసేసుకునేలా చేస్తోంది. డ్రాప్‌బాక్స్‌లో ఇలా లేదు. అక్కడ డిలీట్ చేసిన ఫైళ్ళు మీ కోటాలో లెక్కకు రావు. ఫ్రీ అకౌంట్‌కి 2 జీబీయే ఇస్తారు, అది చాలా తక్కువ, నిజమే. కానీ ఈ ఒక్క విషయంలో డ్రాప్‌బాక్స్ చేసిందే న్యాయం, గూగుల్ కూడా అలాగే చేయాలి. డ్రాప్‌బాక్స్ ఫ్రీ అకౌంట్‌కీ 30 రోజుల గడువు ఉంది.

మైక్రోసాఫ్ట్ వాళ్ళ వన్‌డ్రైవ్‌కి వద్దాం. సొంత అకౌంట్‌కి 30 రోజులు, ఆఫీసు లేదా కాలేజీ అకౌంట్‌కి మామూలుగా 93 రోజులు. ఇందులో నాకు బాగా నచ్చింది, ఒకేసారి చాలా ఫైళ్ళు డిలీట్ అయితే అది గమనించి మెయిల్ పంపిస్తుంది, తిరిగి ఎలా తెచ్చుకోవాలో కూడా అందులోనే చెబుతుంది. పొరపాటున పోయినా, వైరస్ వల్ల పోయినా, గడువులోపు మనకు తెలియడమే సగం బలం. తెలియకపోతే 30 రోజులున్నా 60 రోజులున్నా ఏం లాభం? మైక్రోసాఫ్ట్ 365 డబ్బు కట్టి వాడేవాళ్ళకు ఇంకో సౌకర్యం ఉంది, గత 30 రోజుల్లో ఏ తేదీకైనా మొత్తం వన్‌డ్రైవ్‌ని వెనక్కి తిప్పుకోవచ్చు. డ్రాప్‌బాక్స్ పెయిడ్ ప్లాన్లలో కూడా "రివైండ్" పేరుతో ఇలాంటిదే ఉంది.

ఇక మన ఊళ్ళో పెళ్ళిళ్ళు షూట్ చేసే స్టూడియోల వాళ్ళు కాస్త జాగ్రత్తగా వినండి. తిరుమలలోనో తిరుచానూరులోనో జరిగిన పెళ్ళి ముహూర్తాన్ని మళ్ళీ తీయలేం. ఒక ఫోల్డర్ పెట్టి ఎడిటర్‌కీ, ఆల్బమ్ డిజైన్ చేసే అబ్బాయికీ, అసిస్టెంట్‌కీ ఒకే పాస్‌వర్డ్ ఇచ్చేస్తున్నారు. దయచేసి మానేయండి. వర్క్‌స్పేస్‌లో "షేర్డ్ డ్రైవ్" అని ఉంటుంది, అందులో "కంట్రిబ్యూటర్" అనే హోదా ఇస్తే ఆ మనిషి ఫైళ్ళు పెట్టగలడు, మార్చగలడు, డిలీట్ మాత్రం చేయలేడు. "కంటెంట్ మేనేజర్" బిన్‌లోకి పంపగలడు. బిన్‌లోంచి శాశ్వతంగా తీసేసే హక్కు "మేనేజర్"కే ఉంటుంది. ఇంత చక్కటి ఏర్పాటు పెట్టుకుని అందరినీ మేనేజర్లను చేస్తే ఉపయోగం లేదు. ఓనరు ఒక్కరే మేనేజర్‌గా ఉండండి, మిగతా అందరూ కంట్రిబ్యూటర్లే.

పెద్ద కంపెనీల సంగతి కూడా చెప్పాలి, నేను అసలు అడిగేది అక్కడే ఉంది. కంపెనీలు ఫైళ్ళు దాచుకునే అమెజాన్ ఎస్3 అనే క్లౌడ్ స్టోరేజ్‌లో వెర్షనింగ్, అంటే పాత కాపీలను కూడా ఉంచే ఏర్పాటు, ఆన్ చేసి పెడితే, మామూలుగా డిలీట్ కొట్టినా ఫైలు నిజంగా పోదు, పైన "డిలీట్ మార్కర్" అనే గుర్తు పడుతుంది, పాత వెర్షన్ కింద భద్రంగా ఉంటుంది. "ఎంఎఫ్ఏ డిలీట్" పెడితే, ఆ పాత వెర్షన్‌ని శాశ్వతంగా తీసేయాలంటే పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో కోడ్ కూడా కావాలి, బ్యాంకు లాకర్‌కి రెండు తాళంచెవులు పట్టినట్టు. 2018లో "ఆబ్జెక్ట్ లాక్" తెచ్చారు. అందులో కంప్లయన్స్ మోడ్ పెడితే, గడువు తీరేదాకా అకౌంట్ ఓనర్ కూడా ఆ వెర్షన్‌ని డిలీట్ చేయలేడు.

ఇది అనవసరమైన భయం అనుకునేవాళ్ళకు ఒక సంఘటన. 2024 మే నెలలో ఆస్ట్రేలియాలో యూనిసూపర్ అనే పెన్షన్ ఫండ్‌కి గూగుల్ క్లౌడ్‌లో ఉన్న ఒక ప్రైవేట్ క్లౌడ్, అంటే ఆ ఒక్క సంస్థకే కేటాయించిన సిస్టమ్, మొత్తంగా డిలీట్ అయిపోయింది. ఆరు లక్షల మందికి పైగా సభ్యులు ఉన్న ఫండ్ అది. సెటప్ చేసేటప్పుడు గూగుల్ వైపు ఒక గడి ఖాళీగా వదిలేయడంతో, ఆ సిస్టమ్ దానికి ఒక ఏడాది గడువు పెట్టేసుకుంది, ఏడాది కాగానే తీసేసింది. కస్టమర్ అడిగి చేయించిన డిలీట్ కాదు కాబట్టి, ముందుగా పంపాల్సిన హెచ్చరిక కూడా వెళ్ళలేదు. వాళ్ళు గూగుల్‌లోనే వేరే స్టోరేజ్‌లో ఒక బ్యాకప్, బయట ఇంకో కంపెనీ దగ్గర ఒక బ్యాకప్ ఉంచుకున్నారు కాబట్టి మళ్ళీ నిలబడ్డారు.

మరి ఆ ఆబ్జెక్ట్ లాక్ లాంటి తాళం మామూలు మనిషికి ఎందుకు ఇవ్వరు? గూగుల్ ఫోటోస్‌లో "లాక్డ్ ఫోల్డర్" ఉంది, కానీ అది ఫోటోలు ఎవరికీ కనపడకుండా దాచడానికి. నేను అడిగేది, "ఈ పెళ్ళి ఆల్బమ్‌ని ఎవరూ డిలీట్ చేయకూడదు, నేను కూడా వారం ముందు చెబితే తప్ప" అని పెట్టుకునే స్విచ్. కంపెనీల కోసం ఆ టెక్నాలజీ ఎప్పుడో తయారై ఉంది. చనిపోయిన అమ్మ ఫోటో ఒక ఇంటికి, ఏ కంపెనీకైనా దాని లెక్కల ఫైలు ఎంత ముఖ్యమో అంత ముఖ్యం. ఆ స్విచ్ వచ్చేదాకా ఈ నాలుగింటిలో దేనికీ నేను పూర్తి మార్కులు ఇవ్వను. ఉన్నవాటిలో ఆఫీసు ఫైళ్ళకు వన్‌డ్రైవ్, కుటుంబం ఫోటోలకు గూగుల్ ఫోటోస్, ఇదీ నా సలహా.

దాంతో పాటు ఒక హార్డ్ డిస్క్. కాపీ చేసేటప్పుడు మాత్రమే కనెక్ట్ చేయండి, తర్వాత తీసి బీరువాలో పెట్టండి. కంప్యూటర్‌లో క్లౌడ్‌తో సింక్ అయ్యే, అంటే రెండుచోట్లా ఎప్పుడూ ఒకేలా ఉండే, ఫోల్డర్‌ని బ్యాకప్ అనుకోవద్దు, ఒకచోట డిలీట్ చేస్తే రెండోచోట కూడా పోతుంది. అమ్మానాన్నల ఫోన్‌కి వాళ్ళ పేరుతోనే వేరే జీమెయిల్ పెట్టి, ఫోటోలు షేర్ చేయండి.

ఈ వీడియో చూస్తున్నవాళ్ళలో ఎవరికైనా ఇప్పటికే ఫోటోలు పోయి ఉంటే, ముందు బిన్ జోలికి ఎవరూ పోకుండా ఇంట్లో అందరికీ చెప్పండి. కంప్యూటర్‌లో గూగుల్ ఫోటోస్ వెబ్‌సైట్ తెరిచి ఎడమ పక్క మెనూలో బిన్‌లోకి వెళ్ళండి. కావాల్సినవి సెలెక్ట్ చేసి "రీస్టోర్" నొక్కండి. అవి ముందున్న ఆల్బమ్‌లతో సహా తిరిగొస్తాయి. ఇంట్లో ఎన్ని అకౌంట్లు ఉంటే అన్నిట్లోనూ చూడండి, ఆ రోజు ఏ ఫోన్‌లో ఏ అకౌంట్ ఉందో చాలాసార్లు ఎవరికీ గుర్తుండదు.