వంగ మొక్క మధ్యాహ్నానికి వాడిపోతోందా? ఒకసారి తవ్వి వేరు చూడండి

అందరికీ నమస్కారం. నేను ఇప్పుడు మా వంగ చేలో ఉన్నాను, కొత్తపట్నం దగ్గర. సముద్రం ఇక్కడికి కనిపించదు కానీ గాలి మాత్రం ఆగదు, వీడియోలో హోరు వినిపిస్తే అదే. ఫోన్ మా అబ్బాయి పట్టుకున్నాడు. నాన్నా, ముందు చేను మొత్తం చూపించు, ఆ చివర దాకా.

చూశారా, చేనంతా ఒకేలా లేదు. ఇక్కడ మొక్కలు నడుముదాకా ఉన్నాయి, అక్కడ ఒక పది పన్నెండు మొక్కలు గుంపుగా మోకాలి దగ్గరే ఆగిపోయాయి, ఆకు పసుపెక్కింది, కాయ గిడసబారింది. మధ్యాహ్నం ఎండకి తల వాల్చేస్తాయి, సాయంత్రానికి మళ్లీ లేస్తాయి. నీళ్లు చాలలేదేమో అని నీళ్లు పెడతాం, బలం లేదేమో అని యూరియా వేస్తాం.

రెండేళ్ల కింద మా పందిరి బీరకి నేను చేసింది అచ్చంగా ఇదే. తెలిసిన మందుల షాపులో అడిగితే ఎండు తెగులన్నారు, తెచ్చి పోశాం. తగ్గలేదు. సూక్ష్మపోషకాలు కొట్టమన్నారు, కొట్టాం. ఏడు వేలు పైనే అయింది, నాకు ఆ డబ్బుకంటే బాధేమిటంటే, ఇన్ని రోజుల్లో ఒక్కరం కూడా ఒక మొక్క తవ్వి వేరు చూడలేదు. మీరు ఆ పని చేయకూడదనే ఈ వీడియో పెడుతున్నాను.

ఇప్పుడు తవ్వుదాం. పట్టుకుని పీకకండి, పీకితే సన్న వేళ్లు తెగి మట్టిలోనే ఉండిపోతాయి, మనకి కావాల్సింది అవే. చుట్టూ జానెడు దూరంలో తొలికతో లోతుగా వేసి మట్టిగడ్డతో సహా పైకి లేపండి. ఇలా. బకెట్ నీళ్లలో ముంచి మెల్లగా ఆడించండి, కుళాయి కింద గట్టిగా కడగొద్దు. నాన్నా, దగ్గరికి రా, చేతి మీదకి ఫోకస్ పెట్టు.

ఈ ముడులు చూడండి. రుద్రాక్షలు గుచ్చినట్టు వేరు పొడుగునా బుడిపెలు. వీటిని తెచ్చేవి వేరుబుడిపె నులిపురుగులు, ఇంగ్లీషులో నెమటోడ్లు. నులిపురుగులనగానే పిల్లల కడుపులో ఉండేవి గుర్తొస్తాయి, ఇవి అవి కావు, మొక్కల వేళ్లని పట్టేవి, మనకేమీ చేయవు, ఈ చేలో వంకాయ నిశ్చింతగా తినొచ్చు.

ఒక అనుమానం చాలామందికి వస్తుంది. అలసంద, వేరుశనగ వేళ్లకి కూడా బుడిపెలుంటాయి కదా, అవి మంచివి కదా అని. నిజమే. గట్టు మీద అలసంద ఉంది, అది కూడా తవ్వాను, పక్కపక్కన పెడుతున్నాను. అలసంద బుడిపె వేరు పక్కన అంటుకుని ఉంటుంది, గోటితో గీరితే ఊడొస్తుంది, నలిపితే లోపల గులాబీ రంగు. వంగదేమో వేరే ఉబ్బింది, ఊడదు, లాగితే వేరు తెగుతుంది. ఈ తేడా ఒక్కటి గుర్తుంటే చాలు, తప్పు పోరు.

లోపల ఏం జరుగుతుందో చెప్తాను. గుడ్డులోంచి వచ్చిన పిల్లపురుగు అర మిల్లీమీటరు కూడా ఉండదు, కంటికి కనపడదు. మట్టిలో తడిని పట్టుకుని పాకుతూ వచ్చి వేరు చివర్న దూరుతుంది. లోపల ఒకచోట తల పెట్టి కూర్చుంటే ఇక కదలదు, అది పెట్టే రసానికి చుట్టూ ఉన్న కణాలు బాగా పెద్దవైపోయి దానికి మేత అందిస్తాయి. మొక్క తన కోసం తెచ్చుకున్న తిండి అక్కడే ఆగిపోతుంది, పైకి నీళ్లు ఎక్కే దారీ దెబ్బతింటుంది, మధ్యాహ్నం వాడేది అందుకే. ఆ గాయాల్లోంచి ఎండు తెగులు కూడా దూరుతుంది, కాబట్టి షాపులో ఎండు తెగులన్నది పూర్తిగా తప్పేమీ కాకపోవచ్చు, కానీ దానికి తలుపు తీసింది ఈ నులిపురుగే. ఆడపురుగు ఒక్కోటి రెండు వందల నుంచి ఐదు వందల దాకా గుడ్లు పెడుతుంది, మన వేడికి 25, 30 రోజుల్లో ఒక తరం అయిపోతుంది. వంగ ఐదారు నెలలు ఉంటుంది కదా, ఎన్ని తరాలో మీరే లెక్కేసుకోండి.

మన కోస్తా ఇసక నేలలు వీటికి పుట్టిల్లు లాంటివి. బంకమట్టిలో పాకడం కష్టం, ఇసకలో సులువు. పైగా మనం దొరువు నీళ్లతో, అంటే ఇసకలో తవ్విన గుంటల నీళ్లతో, ఏడాది పొడుగునా వంగ, బెండ, టమాటా, బీర, దోస, ఒకదాని వెనక ఒకటి వేస్తూనే ఉంటాం, ఇవన్నీ దానికి ఇష్టమైన తిండే. వేరుశనగ వేసే పెద్దవాళ్లకి కాళహస్తి తెగులు తెలుసు కదా, కాయ మీద నల్లమచ్చలు, ఊడలు, అంటే మట్టిలోకి దిగి కాయ కట్టే కాడలు, పొట్టిగా అయిపోవడం. అదీ ఒక నులిపురుగే, వేరే రకం.

ఇప్పుడు మందు చెప్పమంటారు. ఉన్నమాట చెప్తున్నాను, ఇంత ముదిరాక ఈ పంటని బాగుచేసేది ఏదీ లేదు. ఫ్లూయోపైరం, ఫ్లూయెన్‌సల్ఫోన్ లాంటి కొత్త మందులొచ్చాయి, అవీ నాటే సమయానికి వాడితేనే పని చేస్తాయి, డబ్బా మీద మీ పంట పేరు ఉంటేనే తీసుకోండి. ఫోరేట్ గుళికలు 2020 చివర్నుంచి నిషేధం, ఎవరైనా పాత సరుకు ఇస్తామన్నా వద్దనండి. నా దృష్టిలో అసలు పని నారు పోయకముందు చేసుకోవాలి.

ముందు మీ చేలో ఉందో లేదో ఇంట్లోనే తెలుసుకోవచ్చు. చేలో ఒక పదిహేను చోట్ల జానెడు లోతు నుంచి పిడికెడేసి తడిమట్టి తీసి కలపండి, ఎండబెట్టొద్దు. రెండు మూడు కుండీల్లో నింపి దోస గింజలో టమాటా గింజలో వేయండి, నెల రోజులకి మట్టితో సహా తీసి కడిగి చూస్తే బుడిపెలు కనిపిస్తాయి. ఇంకా సందేహముంటే దర్శిలో, నెల్లూరులో కేవీకేలు, అంటే కృషి విజ్ఞాన కేంద్రాలు ఉన్నాయి, మొక్కని వేరు మట్టితో సహా కవర్లో పెట్టి పట్టుకెళ్లండి.

కొన్న నారుతో కూడా చేలోకి ఇది వస్తుంది. నారు తెచ్చేటప్పుడు ఒక కట్టలోంచి నాలుగు మొక్కలు తీసి వేళ్లు కడిగి చూడండి, ఎవరేమనుకున్నా సరే. ప్రోట్రేలో, అంటే చిన్న గుంటల ప్లాస్టిక్ ట్రేలో, మట్టి బదులు కోకోపీట్‌తో (కొబ్బరిపొట్టుతో) పెంచిన నారైతే కొంత ధైర్యం.

పంట అయిపోయాక మోళ్లు చేలో వదలొద్దు. వేర్లతో సహా పెకలించి ఎండబెట్టి కాల్చేయండి, పెంటకుప్పలో వేస్తే మళ్లీ ఎరువుతో చేలోకే వస్తాయి. తర్వాత ఏప్రిల్, మే ఎండల్లో పది పదిహేను రోజులకోసారి రెండు మూడు సార్లు లోతుగా దున్నాలి, కింద మట్టి పైకొచ్చి ఎండితే గుడ్లు, పిల్లలు చస్తాయి. కామంచి, గంగపాయల లాంటి కలుపు కూడా ఉంచకండి, పంట లేనప్పుడు వాటి వేళ్ల మీద బతుకుతాయి.

తర్వాత పంట మార్చాలి. ఇక్కడే అందరం వెనకాడతాం, ఎందుకంటే రోజూ చేతికి డబ్బొచ్చేది కూరగాయే. ఒక్క కారు నువ్వులో జొన్నో వేయండి, లేకపోతే జనుము వేసి కలియదున్నండి. బంతి కూడా మంచిదే, దాని బతికున్న వేళ్లలోంచి వచ్చే రసాయనం వీటికి విషం. కానీ గట్టు మీద నాలుగు బంతి మొక్కలు పెడితే పోతాయని అనుకోవద్దు, చేనంతా ఒత్తుగా రెండు నెలలపైన ఉండాలి. పూలు ఒంగోలు మార్కెట్‌కి పోతాయి, భూమి ఊరికే ఉన్నట్టు కాదు.

నాటే ముందు ఎకరాకి 200 కిలోల వేపపిండి దుక్కిలో. దాంతోపాటు 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండిలో 2 కిలోల ట్రైకోడెర్మా (మేలు చేసే శిలీంధ్రం పొడి) కలిపి, నీడలో నీళ్లు చిలకరించి గోనెపట్టా కప్పి వారం పది రోజులు ఉంచితే బూజు బాగా పడుతుంది, అప్పుడు చేలో చల్లండి. పెసిలోమైసిస్ అని ఇంకో శిలీంధ్రం దొరుకుతుంది, అది నేరుగా గుడ్లనే తింటుంది, దాన్నీ ఇలాగే పెంచుకోవచ్చు.

తట్టుకునే టమాటా రకాలున్నాయి, హిసార్ లలిత్ లాంటివి. అయితే టమాటాలో ఈ శక్తినిచ్చే ఎంఐ అనే జన్యువు నేల వేడి 28 డిగ్రీలు దాటితే సరిగ్గా పని చేయదు, మన ఇసక వేసవిలో ఎంత కాలుతుందో మీకు తెలుసు, అందుకని రకం మీదే భారం వేయకండి. వంగకైతే ఉస్తి (అడవి వంగ జాతి) మొక్క మీద అంటు కట్టిన నారు మేలు.

ఇక ఈరోజు పని, ప్లాస్టిక్ పట్టా కప్పి ఎండ వేడితో నారుమడి మట్టిని శుద్ధి చేయడం. ఇది నా నారుమడి, నిన్న సాయంత్రం బాగా తడిపాను, పొడినేల మీద పట్టా వేస్తే వేడి లోపలికి దిగదు. ఈ పట్టా మందం 25 మైక్రాన్లు, అంటే బాగా పల్చనిది, అవతల మట్టి కనిపించేంత తేటగా ఉండాలి, నల్లది వద్దు. నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచాలి. ఇది పైన జానెడు మట్టినే శుద్ధి చేస్తుంది, అందుకే చేనంతటికీ కాకుండా నారుమడికి చేస్తున్నాను.

నాన్నా, ఫోన్ ఆ దిమ్మె మీద పెట్టి వచ్చి ఆ కొస పట్టుకో. ఇంకొంచెం లాగు, మధ్యలో గాలి బుడగ ఉండకూడదు. అంచుల మీద మట్టి ఎగదోయి, ఆవిరి బయటికి పోకూడదు. రోహిణి కార్తె వెళ్లాక దీన్ని తీసి, పక్కన కప్పని మడిలో కూడా అదే నారు పోసి, రెండిటి వేళ్లూ కడిగి మీకు చూపిస్తాను.