స్టార్ కట్టేముందు ఒక నోటుబుక్కు తీయండి

[దృశ్యం: తిరుపతిలో ఒక ఇల్లు. మెట్ల కింద దుమ్ము పట్టిన స్టార్, చిక్కుపడిన సీరియల్ సెట్టు.]

వందనాలండీ. డిసెంబరు వస్తే మా ఇంట్లో మొదట బయటికొచ్చేది ఈ స్టారే. ఆ వెనకే సున్నాలు, కొత్త బట్టలు, కేకు, క్యారల్స్ వచ్చే రాత్రికి టీ. ఇల్లు సిద్ధమైపోతుంది. మరి మనం?

క్రిస్మస్‌కి ముందు నాలుగు ఆదివారాలుండే రోజుల్ని ఆగమన కాలం అంటారు. అప్పుడు కూడా మన ప్రార్థన ఎక్కువగా అడగడమే: అబ్బాయికి ఉద్యోగం, అమ్మాయికి సంబంధం, ఇంటి లోను. పని జరిగితే ఒక కృతజ్ఞతా కూడిక, భోజనాలు. అంతటితో మరిచిపోతాం.

[తెర మీద: కృత + జ్ఞ]

ఈ మాటను విడదీసి చూడండి. కృత అంటే చేసినది, జ్ఞ అంటే ఎరిగినవాడు. చేసిన మేలు ఎరిగి ఉండటమే కృతజ్ఞత. థ్యాంక్స్ చెప్పడం తర్వాత, ముందు గుర్తుండాలి. 103వ కీర్తనలో, ఆయన ఉపకారాల్లో దేన్నీ మరవకు అని కీర్తనకారుడు తన ప్రాణానికే చెప్పుకుంటాడు. మరిచిపోతామని తెలిసే కదా!

[తెర మీద: లూకా 1:46–55]

బంధువు ఎలీసబెతు ఇంట్లో యేసు తల్లి మరియ చేసిన స్తుతి చదవండి. బిడ్డ ఇంకా పుట్టలేదు. హేరోదు గద్దె మీదే ఉన్నాడు. అయినా ఆమె, దేవుడు బలవంతుల్ని సింహాసనాల మీదనుంచి పడద్రోశాడు, ఆకలిగొన్నవాళ్లని తృప్తిపరిచాడు అంటుంది. చేస్తాడు అనలేదు, చేశాడు అంది. అబ్రాహాముకు ఇచ్చిన మాట ఆమెకు గుర్తుంది. ఆ గుర్తుతోనే రాబోయేదాన్ని కూడా అయిపోయినట్టు చెప్పగలిగింది. నాకు తెలిసిన సిద్ధపాటు ఇదే.

అందుకే నోటుబుక్కు. జనవరి నుంచి నెలనెలా ఒక మేలు రాయండి. గుర్తు రాకపోతే ఫోన్‌లో ఫొటోలు వెనక్కి జరపండి, అవే చెబుతాయి.

[దృశ్యం: వానలో వీధి, మోకాలి లోతు నీళ్లు.]

2021 నవంబరు వరదల్లో మా కింది వాటాలోకి నీళ్లొచ్చేశాయి. మేడ మీద అక్క మమ్మల్ని రెండు రోజులు ఉంచుకుంది, వేడివేడిగా సంగటి పెట్టింది. వాళ్లు తిరుమల భక్తులు. ఆ నెల 28న ఆగమన కాలం మొదటి ఆదివారం. "దేవుడు కాపాడాడు" అని గుడిలో గట్టిగా సాక్ష్యం చెప్పాను. ఇంటికొచ్చి మెట్ల దగ్గర చెప్పులు విప్పుతుంటే తట్టింది, పైకెళ్లి ఆ అక్కకి ఒక్క మాటైనా చెప్పలేదని. సిగ్గేసింది.

ఆ వారమే నిప్పట్లు చేసి పట్టుకెళ్లాను.

"పండగ ఇంకా నెలుండాది కదమ్మా, అప్పుడే ఏంది?" అంది.

"మొన్నటిదానికక్కా" అన్నాను.

అప్పట్నుంచి మా ఇంట్లో నిప్పట్ల పిండి మొదటి ఆదివారానికే కలుస్తుంది. ధనుర్మాసం రాగానే ఆ గిన్నెలోనే పొంగలి కిందికి దిగుతుంది.

[దృశ్యం: మెట్ల మీద స్టీలు గిన్నె. పైన వెలిగిన స్టార్.]